సున్నం కింది పగులు

మూడు కాళ్ల స్టాండు మీద యంత్రం తల గిర్రున తిరుగుతోంది. హైదరాబాదులోని పాత కట్టడాలన్నిటికీ లేజర్ కొలతలు తీయడం అయిపోయింది, మిగిలింది మీర్ సరాయి అనే ఈ పాత సత్రం ఒక్కటే. యంత్రం వెలుగు చుక్కల్ని గోడ మీదికి విసురుతుంది. అవి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కగడుతుంది. అలాంటి కోట్ల చుక్కలు కలిస్తే కంప్యూటర్లో కట్టడం వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబడుతుంది. ఆ తర్వాత యంత్రం అక్కడే కాపలా ఉంటుంది. మొదటి కొలతే ఆ కట్టడానికి జాతకం. దాన్ని ఎవరూ మార్చకూడదని చట్టం.

సరాయి కమాను కింద గదిలో బొంతలు కుట్టి బతికే భాగవ్వ ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. మనవరాలు పడుకునే చోటికి సరిగ్గా పైన చెయ్యి పట్టేంత పగులుంది. యంత్రం దాన్ని చూస్తే సర్కారు బాగు చేయిస్తుందని ఆమె ఆశ.

తెర మీద కమాను నున్నగా కనిపించింది. శాస్త్రవేత్త హైమవతి అనుమానపడి వెళ్లి తాకింది. వేళ్లకు తడి సున్నం అంటింది.

"ఇదేమిటి దామోదర్ గారూ?"

"నిన్ననే సిమెంటు పెట్టించి సున్నం కొట్టించాం మేడం," అన్నాడు మునిసిపల్ ఇంజనీరు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ. "మంత్రిగారు వస్తున్నారు, ఇంత పెద్ద మిషన్ వస్తోంది. పగుళ్లు చూపిస్తే మన పరువేం కాను?"

చుట్టం వస్తే ముగ్గేస్తాం, సరే. డాక్టరు వస్తున్నాడని పుండుకు పౌడరు అద్దేది మాత్రం మనమే.

"వెలుతురు ఆగినచోటే ఈ యంత్రం చూపూ ఆగుతుందండీ. సున్నం గీకించండి, మళ్లీ కొలుస్తాను."

"ఇంకెక్కడి కొలత మేడం? అదుగో, మంత్రిగారు వచ్చి బటన్ నొక్కేశారు, మొదటి కొలత నమోదైపోయింది. ఆరోగ్యం నూటికి తొంభై ఎనిమిది!"

చప్పట్లు మోగాయి. హైమవతి కూడా అందరితోపాటు ఓ సమోసా తీసుకుంది. దామోదర్ తెలివితక్కువతనం కన్నా ఆ సమోసాయే నాకు ఎక్కువ రోత.

మర్నాడు భాగవ్వ స్టూలెక్కి ఇనుప గరిటెతో సున్నం గీకింది. యంత్రం కీచుమని అరిచింది. పోలీసులు వచ్చారు.

"పగులు నేను పెట్టిన్నా అయ్యా? ఉన్నదాన్నే సూపిస్తున్న గద!"

యంత్రం అబద్ధం చెప్పదు. నిన్న లేని పగులు ఇవాళ ఉంది, మధ్యలో ఉన్నది భాగవ్వ చేతిలో గరిటె. వారసత్వ కట్టడాన్ని పగలగొట్టిందని కేసు రాసి, మనవరాలితో సహా ఆమెను వీధిలోకి గెంటేశారు. పగులుకు మళ్లీ సిమెంటు పెట్టారు, మళ్లీ తొంభై ఎనిమిది వచ్చింది.

ఖాళీ అయిన గదిని, యంత్రాన్ని చూసుకునేందుకు దామోదర్‌కే ఆఫీసుగా ఇచ్చారు. ఆయన కుర్చీ తెప్పించి ఎండలో, ఆరుబయట వేయించుకున్నాడు.

"లోపల సల్లగుంటది సార్, కూసోరాదుండ్రి," అన్నాడు వాచ్‌మన్.

దామోదర్ కమాను వైపు ఒకసారి చూశాడు.

"నువ్వు కూర్చో పో," అన్నాడు.