కారు తలుపులో బొంత

"పై అరలో ఉండాల్సిన బొంత ఏమైంది?"

దేవకుమారి ఈ ప్రశ్న ముందు భర్తని అడిగింది. ఎలీషా మాస్టారు లెక్కల టీచరుగా రిటైరైన దగ్గర్నుంచి, ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు తన చేతులు చూసుకుంటారు. అవి ఖాళీగానే ఉన్నాయి. "నేను తియ్యలేదు" అని పేపరు వెనక్కి వెళ్ళిపోయారు.

తర్వాత కొడుకుని అడిగింది.

"ఏ బొంతమ్మా?" అన్నాడు ఎజ్రా.

"ఇంట్లో పది బొంతలున్నాయా, ఏ బొంత అంటున్నావు? మా అమ్మ కుట్టింది. ఆకుపచ్చ అంచుది."

"అదా... అది వాడకంలో ఉందమ్మా."

"ఎవరు కప్పుకున్నారు?"

"కారు."

పేపరు కొంచెం కిందికి దిగింది. ఎలీషా కళ్ళు కనిపించాయి.

"కారుకి చలేస్తోందట్రా?"

"చలి కాదమ్మా, డ్యాంపింగ్. తలుపు రేకు అదరకుండా లోపల మెత్తటిది పెడితే సౌండ్ క్వాలిటీ పెరుగుతుంది. దానికోసం షీట్లు అమ్ముతారు గానీ బోలెడు ఖరీదు. ఇదైతే చవక. కోసి రెండు తలుపుల్లోనూ పెట్టాను."

"కోసి!" అంది దేవకుమారి. "మా అమ్మ రెండు వేసవులు కూర్చుని కుట్టిందిరా దాన్ని. చవకే మరి."

ఎజ్రా చేపల మేత కంపెనీలో సేల్స్ రెప్రజెంటేటివ్. తాడేపల్లిగూడెంలో బయల్దేరి ఏలూరు మీదుగా కొల్లేటి పక్కనున్న చెరువుగట్లన్నీ తిరగడం అతని ఉద్యోగం. అందుకోసం సెకండ్ హ్యాండ్ మారుతి ఎనిమిదొందలు కొన్నాడు. దానికి ఏసీ లేదు. కుడివైపు అద్దం దించితే చేత్తో పైకి లాక్కోవాలి. హారన్ తనకి బుద్ధి పుట్టినప్పుడు మోగుతుంది. ఇవేవీ ఎజ్రాకి లోపాలుగా తోచలేదు. కారులో పాట సరిగా వినబడకపోవడం ఒక్కటే లోపంగా తోచింది.

తక్కువ ఖర్చుతో కారులో మ్యూజిక్ బాగుచేసుకోవడం ఎలాగో నెట్ సెంటర్లో కూర్చుని చదివాడు. చదివింది చాలక ఏలూరులో కార్ డెకార్ షాపు నడిపే స్నేహితుడు చంటిని కూడా అడిగాడు.

చంటి నోట్లో చవక అనే మాట ఎప్పుడూ నానుతూనే ఉంటుంది. చవకలో స్పీకర్లు ఇచ్చాడు. ఎజ్రా వాటిని ఇంటికి తెచ్చుకుని, కూలి కూడా మిగులుతుందని తనే బిగించుకున్నాడు. ఆ స్పీకర్లకి చవకలో ఆంప్లిఫయర్ కావాల్సి వచ్చింది. ఆంప్లిఫయర్‌కి లావు వైరు, ఆ వైరు కనబడకుండా కార్పెట్, ఇవన్నీ లాగడానికి పెద్ద బ్యాటరీ, చివరికి డిక్కీ నిండా బేస్ బాక్స్. ఇంత చవకగా కొన్న తర్వాత ఎజ్రా చేతిలో పెట్రోలుకి తప్ప ఏమీ మిగల్లేదు. అందుకే బొంత.

* * *

ఆ బొంత పెట్టిన వారంలోనే ముదినేపల్లిలో ఒక పెళ్ళికి చర్చి క్వయర్‌ని తీసుకెళ్ళే పని పడింది. క్వయర్ లీడర్ సీమోను గారు ముందు సీట్లో కూర్చున్నారు. వెనక ఇద్దరు ఆంటీలు. ఏలూరు పాత బస్టాండు దగ్గర ఇంకో అమ్మాయి ఎక్కింది. సన్నగా ఉన్నవాళ్ళు నడిమిన కూర్చోవాలన్నది ఏ కారులోనైనా రూలే కాబట్టి, ఆమె ఇద్దరాంటీల మధ్య ఇరుక్కుంది.

లోపలి అద్దం వెనక వచ్చే బండ్లు చూసుకోవడానికని డ్రైవింగ్ నేర్పినవాళ్ళు చెప్పారు. కైకలూరు రోడ్డు మీద ఆ రోజు వెనక ఒక్క బండి కూడా లేదు. అయినా ఎజ్రా అద్దం చూస్తూనే ఉన్నాడు.

"మన ఏలూరు వాళ్ళ రికార్డింగ్ బాబూ, వెయ్యి" అని సీమోను గారు ఒక సీడీ ఇచ్చారు.

ఎజ్రాకి కావాల్సిందీ అదే. వాల్యూం పెంచాడు. బేస్ బాక్స్ గర్జించింది. గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

"డ్రమ్స్ వినండి సీమోను గారూ. గుండె మీద కొడుతున్నట్టు లేదూ?"

"లేకేం బాబూ, కొడుతోంది" అని ఆయన గుండె పట్టుకున్నారు.

"పాడే ఆవిడే... ఎవరోగానీ, నూతిలోంచి పాడుతున్నట్టుందండీ. గొంతు చాల్లేదు పాపం."

సీమోను గారు దగ్గారు. ఆ దగ్గుని బేస్ బాక్స్ మింగేసింది.

"ఎవరండీ ఆవిడ?"

జవాబు అద్దంలోంచి వచ్చింది.

"నేనేనండి."

ఎజ్రా బ్రేకు తొక్కాడు. ఎదురుగా గేదె కూడా లేదు.

"నుయ్యి కూడా మాదేనండి" అందా అమ్మాయి. "పోనివ్వండి, పెళ్ళికి ఆలస్యమవుతుంది."

ఆమె పేరు హెప్సిబా. ఏలూరులో ఒక స్కూల్లో పదో తరగతి పిల్లలకి సైన్సు చెబుతుంది. ఆ పెళ్ళిలో సోలో పాడాల్సింది ఆమే. పాడలేదు. వెనక వరసలో నిలబడి అందరితో కలిపి పెదవులు కదిపింది.

భోజనాల తర్వాత చేతులు కడుక్కునే పంపు దగ్గర ఎజ్రా ఆమెను పట్టుకున్నాడు.

"సారీ అండి."

"దేనికండి? అబద్ధం చెప్పారా?"

"అంటే... మీరేనని తెలిస్తే అలా అనేవాణ్ణి కాదు."

"అదేనండి నేననేది. మా అమ్మ, చర్చి అయ్యగారు, సీమోను గారు, అందరూ నేనని తెలిసి మెచ్చుకున్నవాళ్ళే. తెలియకుండా చెప్పింది మీరొక్కరే." చేతులు విదిలించుకుంది. నవ్వింది గానీ ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. "కాబట్టి మీదే నిజం. వచ్చే నెల మా చర్చి సభల్లో కూడా పాడనని చెప్పేశాను."

పొగడటానికి వీల్లేదు, పొగిడితే అబద్ధమవుతుంది. క్షమాపణ కూడా చెల్లలేదు. ఇంక మిగిలింది ఆ గొంతుని నూతిలోంచి పైకి తేవడమే.

* * *

సీమోను గారి సీడీ కారులోనే ఉండిపోయింది. ఎజ్రా రోజూ అదే పెట్టుకుని చెరువుగట్ల మీద తిరిగాడు. బేస్ తగ్గించి చూశాడు. ట్రెబుల్ పెంచి చూశాడు. గొంతు పైకి రాలేదు.

"సన్నటి సౌండ్లకి ట్వీటర్లు పెట్టరా, చవకలో అయిపోద్ది" అన్నాడు చంటి.

ట్వీటర్లు పెట్టాడు. ఇప్పుడు నూతిలో గొంతుతో పాటు నూతి చుట్టూ దోమలు కూడా వినబడసాగాయి.

నిజంగానే ఆ అమ్మాయికి గొంతు లేదేమోనన్న అనుమానం ఒకటి రెండుసార్లు వచ్చింది. అది వచ్చినప్పుడల్లా అద్దంలో చూసిన కళ్ళు గుర్తొచ్చి, ఇంకోసారి ట్రెబుల్ పెంచేవాడు.

అంతలో వానలు పట్టుకున్నాయి.

కారు అద్దం పక్క సందులోంచి దిగిన వాననీళ్ళు తలుపు అడుగునున్న చిల్లుల్లోంచి పోవాలని కారు చేసినవాళ్ళు ఏర్పాటు చేశారు. ఆ దారిలో ఒక బొంత కూర్చుని ఉంటుందని వాళ్ళకి తెలియదు. నాలుగు వానలకి బొంత తాగినంత తాగింది. ఆ తర్వాత కారులోంచి ఒక వాసన మొదలైంది. చేపల మేత వాసనకి ఆ ఇంట్లోవాళ్ళు ఎప్పుడో అలవాటు పడ్డారు. ఇది దానికి పెద్దన్న.

ఆదివారం దేవకుమారి చర్చికని కారు ఎక్కబోయి, ఒక కాలు లోపల పెట్టి, మళ్ళీ తీసేసింది.

"నేను ఆటోలో వస్తాను. సాయంత్రానికి నా బొంత నాకివ్వాలి. ఇవ్వకపోతే ఈ ఇంట్లో నీకు టిఫినే గానీ అన్నం లేదు."

మధ్యాహ్నం ఎజ్రా పాట పెట్టుకుని, ఎడమ తలుపు అట్ట ఊడదీశాడు. బొంత ముక్క పట్టుకుని లాగితే దానితో పాటు స్పీకరు వైర్లు కూడా ఊడొచ్చాయి. ఎడమ స్పీకరు ఆగిపోయింది.

పాట ఆగలేదు.

పైగా ఎవరో ఇంటిముందుకొచ్చి పాడుతున్నట్టుంది. తేటగా, నిండుగా, మాట మాటకీ ఊపిరి తెలిసేలా. నీళ్ళు కారుతున్న బొంత ముక్క చేత్తో పట్టుకుని ఎజ్రా అలాగే నిలబడిపోయాడు.

గుమ్మంలోంచి దేవకుమారి తొంగిచూసింది. "ఎవర్రా ఆ పాడేది? ఎప్పుడూ పెట్టలేదే ఈ పాట."

"రోజూ ఇదే పెట్టానమ్మా."

వైర్లు మళ్ళీ తగిలించాడు. గొంతు నూతిలోకి దూకింది. తీశాడు, పైకొచ్చింది.

ఎలీషా మాస్టారు పేపరుతో సహా లేచి వచ్చారు. "ఒక స్పీకరుంటే ఎక్కువా, రెండుంటే తక్కువా? ఇదేం లెక్కరా?"

ఎజ్రా కుడి తలుపు అట్ట కూడా ఊడదీసి వైర్ల వంక చూశాడు. ఎర్రగీత వైరు కుడి తలుపులో ప్లస్‌కి ఉంది. ఎడమ తలుపులో మైనస్‌కి ఉంది. బిగించిన చేతులు తనవే. కుడి స్పీకరు ముందుకి తోసినప్పుడల్లా ఎడమది వెనక్కి లాగుతోంది. రెండింటి మధ్య గొంతు కొట్టుకుపోతోంది. విడిగా పెట్టిన బేస్ బాక్స్ మాత్రం ఏ గొడవా లేకుండా గుండెలు బాదుకుంటోంది.

రెండు వైర్లూ అటుదిటు మార్చాడు. గొంతు వచ్చి సరిగ్గా ముందు అద్దం మధ్యలో నిలబడింది.

ఖర్చేమీ కాలేదు. ఇంత చవకైన సలహా చంటి ఒక్కనాడూ ఇవ్వలేదు.

* * *

శనివారం సాయంత్రం ఏలూరులో హెప్సిబా ఇంటి ముందు కారాగింది. వాన సన్నగా మొదలైంది.

"తప్పు కారుదండి. మీ గొంతుది కాదు" అన్నాడు ఎజ్రా గేటు బయటనుంచే.

"నేనని తెలిశాక చెబుతున్నారు. ఇప్పుడు మీ మాటా మా అమ్మ మాటా ఒకటేనండి."

"అందుకే మాట చెప్పడానికి రాలేదండి. కారు తెచ్చాను."

హెప్సిబా గేటు తీసుకుని వచ్చి వెనక సీట్లో, నడిమినే కూర్చుంది. పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కళ్ళు తెరిచింది.

"ఆ రోజు ఎలా ఉందో అలా చేసి చూపించండి."

"ఇప్పుడాండీ? తలుపు అట్ట ఊడదియ్యాలి. వాన..."

"ఒక్కసారి వింటే అది ప్రయోగం కాదండి. మా పిల్లలకి అదే చెబుతాను."

ఎజ్రా స్క్రూడ్రైవర్ తీశాడు. ఎదురింటి అరుగు మీదకి ఇద్దరు, పక్కింటి కిటికీలోకి ముగ్గురు వచ్చారు. హెప్సిబా లోపలికి వెళ్ళి గొడుగు తెచ్చి విప్పి పట్టుకుంది, స్పీకరు మీద. ఎజ్రా మెడ మీదుగా చొక్కాలోకి వాన దారి చూసుకుంది.

"మీరు తడుస్తున్నారండి" అంది, గొడుగు కదపకుండా.

"పర్లేదండి. నాకు కరెంటు లేదు."

వైర్లు తిప్పాడు. నుయ్యి. మార్చాడు. గొంతు. "మళ్ళీ" అంది. మళ్ళీ నుయ్యి. "మళ్ళీ."

చివరికి ఆమె గొడుగు కొంచెం పక్కకి జరిగింది. సగం స్పీకరు మీద, సగం ఎజ్రా మీద.

"అయితే నుయ్యి మీదన్నమాట."

"నాదేనండి. నా చేతుల్తోనే తవ్వాను."

ఆమె నవ్వింది. ఈసారి నవ్వు కళ్ళదాకా వచ్చింది. ఎజ్రా స్క్రూలు రెండు కాలవలో పడిపోయాయి.

"సభల్లో పాడతారా మరి?"

"పాడతాను. మీరొచ్చి వినండి, కారు లేకుండా. తర్వాత నేనడుగుతాను. నేనని తెలిసి కూడా నిజం చెప్పాలి."

* * *

సభల్లో ఆమె పాడింది. పందిరి కింద పసిపిల్లలు కూడా ఊరుకున్నారు. మూడో చరణంలో పైకి వెళ్ళినచోట మాత్రం గొంతు సన్నగా వణికింది. మరుక్షణం సర్దుకుంది.

పాట అయ్యాక ఆంటీలంతా చుట్టుముట్టారు. "దేవదూతలా పాడావమ్మా", "ఎక్కడా వంక పెట్టడానికి లేదు" అన్నారు. హెప్సిబా అందరికీ వందనాలు చెప్పి, వాళ్ళ భుజాల మీదుగా ఎజ్రాని చూసింది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"చెప్పండి."

చవకగా దొరికే మాటలన్నీ ఎజ్రా నోట్లో నిండి ఉన్నాయి. ఒక్కటి వదిలినా చాలు, ఈ సాయంత్రం హాయిగా గడిచిపోతుంది. ఎజ్రా వాటిని మింగాడు.

"చాలా బాగుందండి. మూడో చరణంలో పైకి వెళ్ళినచోట ఊపిరి చాల్లేదు. అక్కడ వణికింది."

అయిపోయింది, నా చేతుల్తోనే ఇంకో నుయ్యి తవ్వాను అనుకున్నాడు ఎజ్రా.

"మరేనండి" అందామె మెల్లిగా. "అక్కడే వణికింది. ఇంతమందిలో ఒక్కరూ చెప్పలేదు." కొంగు సర్దుకుంది. "అయితే మిగతాదంతా బాగుందన్నది కూడా నిజమే అయ్యుంటుంది."

"నిజమేనండి."

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఉందండి. అది పాట గురించి కాదు."

"అది కూడా నేనని తెలిసే చెప్పండి."

"మీరు నడిమి సీట్లో ఇరుక్కుని కూర్చోవడం నాకేం బాగాలేదండి. ఎప్పటికీ ముందు సీట్లో కూర్చుంటే బాగుంటుందని..."

హెప్సిబా నేలచూపు చూసింది. "ముందు సీటు సంగతి ముందు మీ ఇంట్లో చెప్పండి" అని, చెవులదాకా ఎరుపెక్కి, ఆంటీల మధ్యకి వెళ్ళి దాక్కుంది.

* * *

మర్నాడు మధ్యాహ్నం కొరమేను పులుసు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు.

"నాన్నా, బేస్ బాక్స్ తీసేస్తున్నాను" అన్నాడు ఎజ్రా.

ఎలీషా మాస్టారు ముద్ద ఆపారు. "అమ్మాయి పేరేమిటి?"

"...హెప్సిబా."

"ఆ పాడే పిల్లేనా?" అంది దేవకుమారి.

"ఆవిడేనమ్మా."

దేవకుమారి కొడుకు కంచంలో తలముక్క వేసింది. భర్తకి పులుసు పోసింది. తన కంచంలో కూడా పోసుకున్నాక చెప్పింది.

"బుధవారం ముగ్గురం ఏలూరు వెళ్తున్నాం. వాళ్ళమ్మతో నేను మాట్లాడతాను. బొంత కూడా తీసుకెళ్తున్నాం."

ఎజ్రాకి పొలమారింది. "బొంతెందుకమ్మా!"

బొంత ముక్కలన్నీ ఉతికి, ఆరేసి, ఆవిడే మళ్ళీ కలిపి కుట్టింది. కోసినచోటల్లా కుట్టు అడ్డంగా, లావుగా కనబడుతూనే ఉంది.

"నీ గురించి నేనెంత మంచి చెప్పినా, అమ్మ కాబట్టి చెప్పింది అనుకుంటారు. బొంత అలా కాదు. పిల్లనిచ్చే ముందు వాళ్ళు అన్నీ చూసుకోవాలి."

"వాసన పూర్తిగా పోయిందా?" అడిగారు ఎలీషా మాస్టారు.

"పోలేదు. అదీ తెలియాలి."