ఎర్ర వెలుగులో పట్టుకున్న చెయ్యి

కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేసేవాళ్ళకి ఒక శాపం ఉంది. ఎటు తిరిగినా అద్దమే. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము సరిగ్గా కూర్చుందా లేదా అని చూడబోతే, పక్కనే తన మొహం కనబడుతుంది, దాని మీద మొటిమలు పోతూ పోతూ వదిలిన మచ్చలూ కనబడతాయి. అలాంటి కొట్టులోనే పనిచేసే ఆమెకి ఇల్లు చేరేసరికి తన మొహమంటేనే విసుగొచ్చేది. రోజూ ఆ గోల వినలేక అక్క ఒక లైటు మాస్కు కొనుక్కొచ్చింది.

తెల్లటి ప్లాస్టిక్ మొహం అది. లోపలివైపు చిన్న చిన్న ఎర్ర బల్బులు వరసగా ఉంటాయి. మొహం కడుక్కుని, తడి తుడుచుకుని, పట్టీ తల వెనక బిగించి, కళ్ళు మూసుకుని పడుకోవాలి. టైమయ్యాక అదే ఒక కూత కూసి ఆరిపోతుంది.

"మచ్చలు పోతాయో లేదో గానీ ఆ కాసేపైనా నీ నోరు మూతపడుతుంది" అంది అక్క. చిన్నప్పటి నుంచీ ఆమెని నసపిట్ట అనే పిలిచేది మరి.

మాట్లాడితే దవడ కదిలి మాస్కు జారుతుంది. అందుకని ఆ ఇంట్లో అది వేసుకున్నవాళ్ళు మాట్లాడకూడదని రూలు. నసపిట్ట ఊరుకుంటుందా? సోఫాలో పడుకుని ఎడమచెయ్యి చాపేది. పక్కన కుర్చీలో కూర్చుని అక్క ఆ చెయ్యి పట్టుకునేది. ఒకసారి నొక్కితే, ఉన్నావా అని. తిరిగి ఒకసారి నొక్కితే, ఉన్నాను అని. రెండుసార్లు నొక్కితే, వదలకు అని. అంతే ఆ భాష. అక్క వంతు వచ్చినప్పుడు ఆమె కుర్చీలోకి మారేది.

తర్వాత అక్కకి ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేశారు, మాట పోయింది. అప్పుడు ఈ భాషే అక్కరకొచ్చింది. చివరిరోజు అక్క రెండుసార్లు నొక్కింది. "చూసే టైమైపోయిందమ్మా, బయటికి నడవండి" అని నర్సు భుజం తట్టింది. అక్క వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని ఆమె బయటికొచ్చేసింది. మళ్ళీ లోపలికి వెళ్ళే అవసరం రాలేదు. ఆ వేళ్ళు విడిపించుకున్న క్షణం ఆమెని తినేస్తూనే ఉంది.

బావ ఓడల్లో పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళ మీదే. అక్క కూతురు పిన్ని దగ్గరే ఉండిపోయింది. ఇంకా బడికి కొత్త. పెడితే తింటుంది, పడుకోబెడితే పడుకుంటుంది. ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. దగ్గరికి తీసుకోబోతే మాత్రం కొయ్యబొమ్మలా బిగుసుకుపోయేది. ఈ పిల్ల ఒక్కసారి తన మెడ చుట్టూ చేతులు వేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునేది ఆమె.

కొన్ని నెలలు పోయాక ఒక సాయంత్రం మాస్కు తీసి, దుమ్ము దులిపి పెట్టుకుంది. పక్కగదిలో పాప బొమ్మలు గీసుకుంటోంది. పెన్సిలు గీతల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. బల్బులు వెలిగాయి. వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, మూసిన రెప్పల మీద ఎర్రదనం. అలవాటు ఊరుకోదు కదా, ఎడమచెయ్యి దానంతటదే సోఫా బయటికి చాచుకుంది.

కాసేపటికి ఆ చేతిలోకి వేళ్ళు వచ్చాయి.

చల్లగా ఉన్నాయి. ముందు అరచేతిని తడిమాయి, తర్వాత మెల్లగా పట్టుకున్నాయి. పాపే అనుకుంది ఆమె. ఇన్నాళ్ళకి నా తల్లి దగ్గరికొచ్చింది అనుకుంది. ఒకసారి నొక్కింది. అటునుంచీ ఒకసారి నొక్కారు. మాస్కు కింద కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా కదల్లేదు. కూత వినిపించాక తీసి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది, పాప పక్కగదిలో ఉంది. సిగ్గేసి పరిగెత్తి ఉంటుంది లెమ్మని నవ్వుకుంది.

అలా రోజూ జరిగింది. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే పిట్ట ఎగిరిపోతుందని భయం.

ఒకరోజు చెయ్యి చేతిలో ఉండగానే స్నానాల గదిలోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. చెంబుతో పోసుకుంటూ పాప ఏదో కూనిరాగం తీస్తోంది.

ఆమె చేతిలోని వేళ్ళని తడిమి చూసింది. అప్పుడు గమనించింది... ఆ వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. తన చెయ్యంతటినీ కప్పేసేంత పొడుగ్గా. అవి రెండుసార్లు నొక్కాయి.

వదలకు.

లోకంలో ఆ భాష తెలిసింది ఇద్దరికే. భయం ఎటు పోయిందో పోయింది, ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి వదలనే అక్కా, ఎవరొచ్చి భుజం తట్టినా వదలను అని మనసులో చెప్పుకుంది. తిరిగి రెండుసార్లు నొక్కింది.

ఆ తర్వాత ఆమెకి మాస్కు తప్ప వేరే ధ్యాస లేదు. పొద్దున్నే పెట్టుకునేది, కొట్టు నుంచి రాగానే పెట్టుకునేది.

"ఏంటమ్మా, మొహం వెలిగిపోతోంది, ఏంటి సంగతి?" అన్నాడు కొట్టు యజమాని. వెంటనే తేరిపార చూసి, "కళ్ళేంటి అలా లోపలికి పోయాయి, సరిగ్గా పడుకోవట్లేదా?" అని అడిగాడు. మచ్చలు నిజంగానే తగ్గాయి. కానీ ఎడమచేతికి పట్టు తప్పింది. ఫ్రేముకి చెవి మీద ఆనే కాడని వేడిచేసి వంచుతుంటే అది వేళ్ళలోంచి జారిపోయేది. కాల్తున్నా తెలిసేది కాదు.

పాప ముందుగదిలోకి రావడమే మానేసింది. ఎర్ర లైటు వెలిగితే చాలు, గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఆ సాయంత్రం చినుకులు పడుతున్నాయి. వీధిలో ఎవరో బండి స్టార్టు చేయలేక తంటాలు పడుతున్నారు. ఆమె పడుకోగానే చెయ్యి వచ్చి పట్టుకుంది. ఎప్పుడూ లేనిది ఆరోజు వాసన కూడా వచ్చింది. పూలు కుళ్ళిన నీళ్ళ వాసన. వీధిలో బండి చప్పుడు ఆగింది. చినుకుల చప్పుడూ ఆగింది. కూత ఎప్పుడో వినిపించాలి... వినిపించలేదు. ఎరుపు ఆరలేదు.

"పిన్నీ..." అని గుమ్మం దగ్గర్నుంచి గుసగుస.

రూలు పక్కనబెట్టి ఆమె పెదాలు కదిలించింది. "ఏంటి తల్లీ?"

"అమ్మ నిన్ను లేవమంటోంది."

"అమ్మ ఇక్కడే ఉంది నాన్నా. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది."

పాప గుమ్మం దాటి రాలేదు.

"కాదు పిన్నీ. అమ్మ నా పక్కనుంది."

"మరి... ఇది?"

"అది రోజూ ఆ కుర్చీలోనే కూర్చుంటుంది. ఇంతకుముందు కూడా ఉండేది, మీ వెనకాల. మీరిద్దరూ నొక్కుకుంటుంటే... మీ చేతులనే చూసేది."

చేతిలోని వేళ్ళు బిగుసుకున్నాయి. రెండుసార్లు. ఎముకలు ఒరుసుకునేంత గట్టిగా... రెండుసార్లు. ఆమె చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. కళ్ళు తెరిచింది. అంతా ఎరుపే. కుడిచేత్తో పట్టీ వెతికింది. దొరకలేదు. సోఫా పక్క నుంచి ఏదో మెల్లగా లేస్తోంది. ఆమె భుజం దానితో పాటు పైకి లేస్తోంది. అరుద్దామంటే నాలుక కదల్లేదు...

అప్పుడు మణికట్టు మీద ఇంకో చెయ్యి పడింది.

అది వెచ్చగా ఉంది. చల్లటి వేళ్ళ కిందికి దూరి ఒక్కొక్కదాన్నే విడదీసింది. చిటికెన వేలు. ఉంగరం వేలు. ఆసుపత్రిలో తను విడిపించుకున్న వరసలోనే. బొటనవేలు వదలగానే మాస్కు కూసింది. ఎరుపు ఆరిపోయింది.

ఆమె మాస్కు పీకి విసిరేసింది. కుర్చీలో ఎవరూ లేరు. బయట చినుకులు పడుతూనే ఉన్నాయి. గుమ్మంలో పాప ఒక్కతే నిలబడి ఉంది. ఆమె పరిగెత్తుకెళ్ళి ఎత్తుకుంటే, ఆ పిల్ల రెండు చేతులూ మెడకి చుట్టేసి భోరున ఏడ్చింది. అదే ఊపున పక్కింటి టీచరు వరండాలో పడ్డాక గానీ ఆమెకి ఊపిరాడలేదు.

"అమ్మ ఏది తల్లీ?" అని అడిగింది మెల్లగా.

"కుర్చీ దగ్గరికి వెళ్ళింది. నీ చెయ్యి తీసేసి తన చెయ్యి పెట్టింది."

"తర్వాత?"

"తర్వాత ఇద్దరూ కనబడలేదు."

మాస్కు చెత్తబండిలోకి పోయింది. సోఫా, కుర్చీ కూడా ఎవరికో ఇచ్చేసింది. పాప ఇప్పుడు అందరి పిల్లల్లాగే అమ్మ కావాలని ఏడుస్తుంది, ఏడ్చి ఏడ్చి పిన్ని పక్కలో దూరి నిద్రపోతుంది. ఆమె కోరుకున్నది చేతికందింది. దానికి బదులుగా అక్క ఏమి పెట్టాల్సొచ్చిందో తలుచుకుంటే ముద్ద దిగదు.

మొన్న సాయంత్రం కొట్టు నుంచి వచ్చి మొహం కడుక్కుంటోంది. పాప గదిలో పాఠం పైకి చదువుతోంది. కళ్ళ నిండా సబ్బు నురగ. తువ్వాలు కోసం గోడ మీద తడుముకుంటూ ఎడమచెయ్యి చాపింది.

చేతిలోకి వేళ్ళు వచ్చాయి.

నీరసంగా పట్టుకున్నాయి. తన చెయ్యి తడిగా ఉంది, అవి చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో తెలియలేదు. ఒకసారి నొక్కాయి. ఆగి, ఇంకోసారి.

వదలకు...

అక్కైతే? రెండోసారి కూడా విడిపించుకుని పోతే ఏ మొహంతో బతకాలి? అక్క కాకపోతే? సబ్బు కళ్ళలో మండుతోంది. కళ్ళు తెరవడానికి ఆమెకి ధైర్యం చాల్లేదు. చెయ్యి లాక్కోలేదు, తిరిగి నొక్కనూ లేదు.

లోపల పాప చదువు ఆగిపోయింది.

అప్పుడు ఆ వేళ్ళు మూడోసారి నొక్కాయి. మూడుసార్లు నొక్కితే ఏమిటో వాళ్ళ భాషలో లేదు.