ఎడమ గోడ మీది ఉప్పెన గీత

మనిషి మాయమై ఇరవై ఏళ్లు. ఫిర్యాదు మాత్రం ఈ ఉదయమే.

"మా ఆయన దొంగ కాదని తేల్చండి బాబూ. అంతే చాలు," అంది సత్యవతమ్మ.

డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు ఆవిడ గుడివాడ పుట్టింట్లో ఉంది. తిరిగొచ్చేసరికి భర్త పూర్ణచంద్రరావు లేడు, ఇంట్లో నగలూ లేవు. నగలతో ఉడాయించాడన్నాడు మరిది కాంతారావు. ఊరు నమ్మింది. చెడ్డమాటైతే ఊరికి నమ్మడం ఎంతసేపు! ఇప్పుడేమో దొంగ పెళ్లానికి వాటా లేదు, ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నాడు.

ఇల్లంటే ఇల్లా! కోడూరు అవతల పాత కోట. రెడ్డిరాజులు కట్టారు, డచ్చివాళ్లు మందుగుండు దాచారు, ఆపైన వీళ్ల తాతలు కొని మిద్దెలేసి బంగళా చేశారు. గోడలు నాలుగడుగుల మందం.

10.40. సి.ఐ. ప్రేమ్ సాగర్ మందుగుండు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. కాలు నిలవని మనిషి. అరచెయ్యి గోడ మీది ఉప్పెన గీత వెంట పోతోంది. నీళ్లు నిలిచిన మేర పడ్డ బురద మరక అది. వెల్ల వేసినా దాన్ని వదిలేయడం ఆ ఇంటి ఆనవాయితీ.

"ఈ గదిలో రిపేర్లేమైనా?"

"అబ్బే! గీత కనబడట్లేదా అండీ? అన్నీ ఉప్పెనకి ముందు గోడలే," అన్నాడు కాంతారావు.

"తాళం?"

"అప్పట్నుంచీ నా దగ్గరే."

సాగర్ టక్కున ఆగాడు. మళ్లీ నడిచాడు. వాకిలి వైపు వెళ్తుంటే కుడి గోడ గీత నడుము నుంచి ఛాతీ దాకా లేస్తోంది. ఎడమ గోడ గీత నడుము దగ్గరే ఉంటోంది.

వసారాలో పని చేస్తున్న తాపీమేస్త్రి అబ్రహామును కేకేశాడు. "నీ లెవెల్ ట్యూబు పట్రా!"

11.15. అందరూ గదిలో ఉన్నారు. నీళ్లు నింపిన ట్యూబు గోడలకి పట్టి మట్టం చూశాడు అబ్రహాము.

"కుడిది మట్టంగా ఉందండి. ఎడమది వాకిలి వైపు అడుగు పైనే వాలింది."

"మందు తడవకూడదని డచ్చివాళ్లు నేలని వాకిలికి వాలుగా వేశారు," అన్నాడు సాగర్. "నేల వాలిందని నిలిచిన నీళ్లు వాలతాయా కాంతారావు గారూ? ఈ గీత ఎవరో నేల నుంచి కొలుచుకుని బురదతో గీశారు. గోడ ఉప్పెన తర్వాతది. అబ్రహామూ, గునపం వెయ్యి."

పది పోట్లకే ఆ ఒంటి ఇటుక గోడ కూలింది. వెనక చిన్న అర. ఎముకలు. మణికట్టుకి వాచీ.

"మా నాన్న పెళ్లిలో పెట్టిన వాచీ!" కెవ్వుమంది సత్యవతమ్మ.

"కంపు ఎవరికీ తెలియలేదా?" గొణిగాడు అబ్రహాము.

"ఆ నెలంతా దివిసీమలో శవాల కంపే," కాంతారావు కూలబడ్డాడు. "నగలమ్మి ఊరికి గంజి పోయిద్దామన్నాడు అన్నయ్య. నేను సాగనివ్వలేదు. చంపి, ఇక్కడ పెట్టి గోడ కట్టేశాను."

సత్యవతమ్మ ఏడ్చి ఏడ్చి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇరవై ఏళ్లు దొంగ పెళ్లాం అన్నారు బాబూ. రేపట్నుంచి విధవ అంటారు. అననీండి. ఆ మాటైతే తలెత్తుకుని పడతాను."