నలభై ఒక్క మాటల ఫోను

"అమ్మా! ముందు ఆ మెషీను ఆపి ఇటు రా!"

కూతురి కేకకు ఆమె పాదం కింద కుట్టుమెషీను ఠక్కున ఆగిపోయింది. స్కూలు యూనిఫారం చొక్కాకి కాలరు సగమే పడింది, సూది గుడ్డలో దిగబడి ఉండిపోయింది. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె పిన్నే, కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. పిన్ని చెంగుతో చెమట తుడుచుకుంటూ ముందు గదిలోకి వచ్చేసరికి పాపాయి నేలమీద గొంతుక్కూర్చుని ఉంది. ఇరవయ్యారేళ్ళు వచ్చినా, ఫోన్లు బాగుచేసే దుకాణంలో తన కింద ఇద్దరు పనివాళ్ళున్నా ఇంట్లో మాత్రం ఆమె ఇంకా పాపాయే! ఆ పాపాయి వాళ్ళ నాన్న పాత ఫోనుని గచ్చుమీద వెల్లకిలా పెట్టి, అంచు పట్టి వేలితో చిన్నగా తోసింది. అది గిర్రున తిరిగింది.

"చూశావా? బొంగరంలా ఎలా తిరుగుతోందో! బ్యాటరీ ఉబ్బిపోయి వీపు గుండ్రంగా అయిపోయిందమ్మా. దీన్ని నాన్న పగలూ రాత్రీ గుండెల మీద వేలాడేసుకుంటున్నారు. ఏ క్షణాన అంటుకుంటుందో బాగుచేసేదాన్ని నాకే తెలీదు! ఇంక మాట్లాడకు. రేపే కొత్త స్మార్ట్‌ఫోను తెస్తాను."

పిన్ని గుండె గుభేలుమంది. అది బ్యాటరీ మండుతుందని కాదు... కొత్త ఫోను అన్న మాటకి!

"వద్దే తల్లీ! ఆ బ్యాటరీ ఒక్కటే మార్చెయ్యి. నీ దుకాణంలో ఎవరెవరివో మారుస్తావు కదా!"

"ఈ మోడల్ బ్యాటరీలు తయారవడం మానేసి చాన్నాళ్ళయింది. ఎక్కడో పాతది దొరికినా అదీ రేపో మాపో ఉబ్బుతుంది."

"అయితే అందులో ఉన్నవన్నీ ఉన్నట్టుగా కొత్తదాంట్లో పోసెయ్యి."

"పోయడానికి అదేమన్నా డబ్బాలో పప్పా అమ్మా? నాన్న మాటలు పలికే ఆ యాప్ తయారుచేసినవాళ్ళు ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. కొత్త ఫోన్లలో అది ఎక్కదు. నీ గొంతులు బయటికి తియ్యడం నా వల్ల కాలేదు. నెల నుంచీ చూస్తున్నాను, తెలుసా?"

నీ గొంతులు... ఆ మాటకి పిన్ని కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఆయన ఒకప్పుడు బస్సు కండక్టరు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెత ఆయన్ని చూసే పుట్టిందేమో అనేవారు అందరూ. కిక్కిరిసిన బస్సులో "అమ్మా, నీ బుట్ట కూడా టిక్కెట్టు తీసుకుంటుందా?" అని జోకేస్తే కోపంగా ఉన్నవాళ్ళు కూడా నవ్వి జరిగేవారు. అలాంటి మనిషి నాలుగేళ్ళ కిందట, ఆఖరి స్టాపు దగ్గర బస్సు దిగుతూ కూలబడిపోయారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి సగమే దక్కింది. మాట మాత్రం పూర్తిగా పోయింది! అక్షరాలు చూపిస్తే చీమలబారు చూసినట్టు చూసేవారు. అప్పుడు ఆసుపత్రిలో మాటలు నేర్పే అమ్మాయి ఈ ఫోనులో గళ్ళు గళ్ళుగా బొమ్మలు పెట్టి, ఒక్కో బొమ్మకీ పిన్ని చేత ఒక్కో మాట చెప్పించింది. గ్లాసు బొమ్మ నొక్కితే "నీళ్ళు కావాలి." మంచం బొమ్మ నొక్కితే "పడుకుంటాను." అన్నీ కలిపి నలభై ఒక్క మాటలు! ఏ మాట ఏ మూలనుందో ఆయన ఎడమచేతి వేలికి చూడకుండానే తెలుసు. ఆయన మనసులో మాట పిన్ని గొంతుతో బయటికి వచ్చేది. ఏ భార్యకి దక్కుతుంది చెప్పండి, అంత దగ్గరితనం? ముప్పై ఏళ్ళ కాపురంలో ఒక్కసారీ దొరకని అదృష్టం ఆ కష్టంలో దొరికిందని ఆమె ఎవరికీ చెప్పుకోకుండా మురిసిపోయేది.

"కొత్తదాంట్లో మగగొంతు కూడా ఉంటుందమ్మా," అంది పాపాయి. "బొమ్మ కింద మాట రాస్తే చాలు, అదే పలుకుతుంది. నువ్వు గంటలకొద్దీ కూర్చుని చెప్పక్కర్లేదు."

"అంటే... నా గొంతు కూడా పనికిరాకుండా పోయిందా?" అంది పిన్ని. ఆ వెంటనే మెషీను దగ్గరికి వెళ్ళిపోయి, ఆ కాలరుని వంకరగా కుట్టేసింది.

మేడమీద ఉండే ఆడపడుచు ఈ గొడవంతా విని మెట్లు దిగి వచ్చింది. ఆవిడకి కన్నీళ్ళు చెంగు కొసనే కట్టి ఉంటాయి. "వదినా! మా అన్నయ్యకి మిగిలిందే ఆ నాలుగు మాటలు! అవి కూడా లాగేసుకుంటారా? పాపాయీ, నీకు ఫోన్లంటే పిచ్చని మీ నాన్న నోరు కుట్టేస్తావా?" అని శోకాలు తీసింది. పిన్ని మళ్ళీ ముందు గదిలోకి వచ్చింది. పాపాయి నెత్తి కొట్టుకుంది. ఇంతసేపూ మూలన కుర్చీలో కూర్చున్న ఆయన ముగ్గురి మొహాల్లోకీ మార్చి మార్చి చూశారు. ఫోను అందుకుని మెడలో వేసుకుని నొక్కారు. "ఫ్యాను వెయ్యి," అంది పిన్ని గొంతు.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. పిన్ని లేచి ఇంకొంచెం జోరు పెంచింది. ఆయన మళ్ళీ నొక్కారు. "ఫ్యాను వెయ్యి. ఫ్యాను వెయ్యి." ఇంకా పెంచింది. గోడమీద క్యాలెండరు రెపరెపలాడుతోంది, ఆడపడుచు చలికి కొంగు కప్పుకుంటోంది. ఆయన మాత్రం ఆపలేదు.

"చూశావటే, కొత్త ఫోనంటే ఆయనకీ ఎంత బెంగో! ఒకటే మాట పట్టుకుని పాడుతున్నారు," అంది పిన్ని. పాపాయి చెప్పులు తొడుక్కుని దుకాణానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున స్నానం చేయించడానికి చొక్కా విప్పిన పిన్ని కెవ్వుమని అరిచింది. ఆయన రొమ్ముమీద ఎర్రగా, పలకలా కమిలిన మచ్చ! సరిగ్గా ఫోనంత! అంచున చిన్న బొబ్బ కూడా లేచింది.

"అయ్యో... అయ్యో! కాలిందా? ఇంత కాలినా చెప్పరేమండీ? నాకు చెప్పాలి కదా!"

అనేశాక ఆమెకి తట్టింది. ఆయన చెప్పారు! ఇరవైసార్లు చెప్పారు! 'కాలుతోంది' అనడానికి గడి లేక, ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది వెతుక్కుని ఫ్యాను వెయ్యమన్నారు. తనేమో ఫ్యాను జోరు పెంచింది, కొత్త ఫోను మీద బెంగ అని అర్థం కూడా చెప్పింది! పిన్ని ఆ మచ్చమీద మందు రాస్తూ ఏడ్చిన ఏడుపు ఆ దేవుడికే ఎరుక. ఆయన ఎడమచెయ్యి మాత్రం ఆమె తలమీద మెల్లగా తడుతూనే ఉంది.

"తీసుకురా," అంది కూతురితో, కళ్ళు తుడుచుకోకుండానే. "ఇవాళే తీసుకురా."

ఆదివారం మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ చేరారు. కొత్త ఫోను నిగనిగలాడుతోంది. పాత ఫోను బయట గట్టుమీద, మట్టిమూకుడులో, శిక్ష పడ్డ దొంగలా ఒంటరిగా ఉంది. పాపాయి దాని బ్యాటరీ తీసేసే ముందు ఓపిగ్గా ప్రతి గడీ నొక్కి మాటలన్నీ కాగితంమీద రాసుకుంది. ఇప్పుడు ఆ కాగితం చదవడం మొదలుపెట్టింది.

"నీళ్ళు. ఆకలి. బాత్రూము. ఫ్యాను. లైటు. పడుకుంటాను. మందులు వేసుకున్నాను. పాలు తాగుతాను. కిటికీ మూయండి. పేపరు చదవండి. నా బంగారు తల్లి... ఇది నాకు! బాగుంది. సంతోషం. అన్నీ బాగానే ఉన్నాయి." చదువుతూ చదువుతూ పాపాయి ఆగిపోయింది. కాగితం తిప్పి చూసింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

"అమ్మా... 'వద్దు' ఏదీ?"

"ఏ వద్దు?"

"వద్దు అనే మాట! 'కాదు' కూడా లేదు. 'అవును' కూడా లేదు. నలభై ఒక్క మాటల్లో నాన్న ఒక్కసారైనా వద్దు అనడానికి వీల్లేదా?"

పిన్ని మొహం పాలిపోయింది. "డాక్టరుగారే చెప్పారే... ఈ జబ్బులో అవునూ కాదూ తారుమారవుతాయి, తలాడిస్తే నమ్మకండి అని. అందుకే ఆసుపత్రిలో ఆ పిల్ల పెడతానన్నా నేనే వద్దన్నాను. ఆయనకి ఏం కావాలో నాకు తెలీదా? అడక్కుండానే అన్నీ అమర్చాను కదే..."

"అది మొదటి నెలలో మాటమ్మా. ఇప్పుడు నాలుగేళ్ళయింది! మళ్ళీ ఎప్పుడైనా అడిగి చూశామా?"

పాపాయి గబగబా మూడు కొత్త గళ్ళు పెట్టింది. పచ్చది 'అవును', ఎర్రది 'వద్దు', నల్లది 'కాదు'. వాళ్ళ నాన్న చేతిని పట్టుకుని ఒక్కొక్కటీ నొక్కించి వినిపించింది. పావుగంట అలాగే ఆడించింది. తర్వాత ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, నీకు ఇరవై ఏళ్ళా?"

ఆయన వేలు గాలిలో ఆగింది. నల్లగడి మీద దిగింది. "కాదు."

"నువ్వు కండక్టరువా?"

"అవును."

"నేను నీ కొడుకునా?"

"కాదు." ఆయన పెదవి ఒక పక్కకి వంగింది. నవ్వే అది!

పది ప్రశ్నలకి పది జవాబులూ సరిగ్గానే వచ్చాయి. ఆడపడుచు ఆనందం పట్టలేక ముందుకి జరిగింది. "అన్నయ్యా! అయితే ఇవాళ పేపరు నేనే చదువుతాను. ప్రతి ఆదివారంలాగే మొదటి పేజీ నుంచి వేలం ప్రకటనలదాకా..."

"వద్దు," అంది ఫోను.

పాపాయి పక్కున నవ్వింది. ఆడపడుచు మూతి ముడిచింది కానీ ఆవిడకీ నవ్వాగలేదు. పిన్ని ఒక్కతే నవ్వలేదు. ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి నేలమీద కూర్చుంది.

"ఏమండీ... సాయంత్రం పాలు?"

"వద్దు."

"ఎప్పుడూ వద్దా?"

"అవును."

గ్లాసు తోసేసిన ప్రతి సాయంత్రమూ 'నేనేం తక్కువ చేశానండీ' అని ఏడ్చింది తను! జబ్బు చేసిన కోపం అనుకుంది. ఆయన పాపం, పాలు వద్దన్నారు. అంతే!

ఇంక ఒక్కటే మిగిలింది. అది అడగడానికి ఆమెకి గుండె చాలలేదు. అయినా అడిగింది.

"ఇందులో... నా గొంతే మళ్ళీ పెట్టమంటారా?"

ఆయన ఆమెవైపే చూశారు. తర్వాత వేలు మెల్లగా కదిలింది.

"వద్దు."

పిన్ని అలా కూర్చున్నచోటే కుంగిపోయింది. నాలుగేళ్ళు ఆయన నోరై బతికింది! ఆ గొంతే వద్దంటే ఇంక తనెవరు? పాపాయి తల్లి భుజంమీద చెయ్యి వేసి, తండ్రివైపు తిరిగింది.

"నాన్నా, రెండేళ్ళ నుంచీ బస్టాండు దగ్గర బల్లమీదకి వెళ్ళడం మానేశావు. మీ కండక్టర్లందరూ అక్కడే కూర్చుంటారు కదా. కాళ్ళ నొప్పులా?"

"కాదు."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అవును."

పాపాయి గొంతు తగ్గింది. "నువ్వు ఫోను నొక్కితే... ఆడగొంతు వస్తోందని నవ్వారా నాన్నా?"

ఆయన కళ్ళు వాలిపోయాయి. వేలు మాత్రం తడబడలేదు. "అవును."

కాళ్ళ నొప్పులనుకుని రెండేళ్ళపాటు మోకాళ్ళకి నూనె రాసింది పిన్ని! ఆ మోకాళ్ళు ఏ పాపం ఎరగవు. నలుగురు మగాళ్ళ మధ్య భార్య గొంతుతో మాట్లాడాల్సొచ్చిన ఒక మాటకారి ఎంత నలిగిపోయాడో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. అది ఆమె తప్పా? ప్రేమే కదా! కానీ ఆ ప్రేమ ఆయన్ని ఒక్క మాట అడగలేదు.

"క్షమించండి," అంది ఆయన పాదాల మీద తల వాల్చి. "మీకు నోరిచ్చాననుకున్నానండీ... నా నోరే ఇచ్చాను." తర్వాత తనే లేచి, కొత్త ఫోను కూతురి ముందుకి తోసింది. "మగగొంతు పెట్టవే. ఆయన్నే వినిపించి ఎంచుకోమను. అన్నీ వినిపించు, తొందరపెట్టకు."

ఆరు గొంతులు విన్నారు ఆయన. మొదటిదానికి వద్దు, రెండోదానికి వద్దు. అయిదోది కాస్త బొంగురుగా, చివర్లో సాగదీస్తూ వచ్చింది. దానికి అవునన్నారు. ఆయన పాత గొంతుకీ దానికీ పోలికే లేదు. పిన్నికి అది ఎవరో పరాయి మనిషి ఇంట్లోకి వచ్చి మాట్లాడినట్టే అనిపించింది. అలవాటు చేసుకోవాలి మరి.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి మెషీను దగ్గర ఉన్న పిన్నికి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినిపించింది. ఆయన గోడ పట్టుకుని ఎడమచేత్తో చెప్పు తొడుక్కుంటున్నారు! ఫోను చొక్కాపైన, మెత్తటి గుడ్డసంచిలో ఉంది. ఆ సంచి రాత్రికి రాత్రి కుట్టింది ఆమే. పిన్ని గుడ్డలు పక్కన పడేసి పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కడికి? బల్ల దగ్గరికా?"

"అవును."

"ఆగండి, చెయ్యి పట్టుకుంటాను. నేనూ వస్తాను."

"వద్దు."

పిన్ని చెయ్యి చాచింది చాచినట్టే ఉండిపోయింది. ఆయన గడప దాటారు. గోడ చివరిదాకా తడుముకుంటూ, అక్కడ ఆగి ఊపిరి తీసుకుని, మెల్లగా రోడ్డెక్కారు. ఒకసారి కాలు తడబడింది. అయినా ఆమె కదల్లేదు. ఆయన సర్దుకుని నడిచారు. మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

పని నుంచి వస్తున్న పాపాయి గేటు దగ్గర తల్లిని చూసి కంగారుపడింది. "ఏమైందమ్మా? ఏడుస్తున్నావా? నాన్న ఏరీ?"

"వద్దన్నారే పాపాయీ!" అంది పిన్ని, చెంపలమీద కన్నీళ్ళు ధారలు కడుతుంటే. "నాలుగేళ్ళకి నా మొగుడు నన్ను వద్దన్నారే... నేను రానక్కర్లేదట!"

ఆ తర్వాత ఆయన తిరిగొచ్చేదాకా ఆమె ఆ గేటు వదల్లేదు. ఎదురు మాత్రం వెళ్ళలేదు.