బిడ్డ రంగు

తాండూరు శివారులోని బండల పాలిషింగ్ యూనిట్‌లో ఏజెంట్ మల్లేశ్వర్‌ను సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చారు. పక్షులకు వేయబోతున్న కొర్రలు అతని చేతిలోంచి నేలమీద చెల్లాచెదురయ్యాయి. పడిపోతూ ఫోన్‌లో ఒక్క మాట పంపగలిగాడు.

"బిడ్డను సూడు, రాణక్కా."

వికారాబాద్‌లోని అద్దె గదిలో ఏజెంట్ నాగరాణి ఆ వాయిస్ మెసేజ్‌ను రెండుసార్లు విన్నది. మూడోసారి వినే ధైర్యం లేకపోయింది. వీధివాళ్లకు ఆమె ఫించ్ పిట్టలు పెంచి అమ్ముకునే ఒంటరి మనిషి. పిట్టలు కవర్ స్టోరీ. ఒంటరితనం కాదు.

సెక్యూర్ లైన్ మోగింది. చీఫ్ రాజేందర్.

"నిరోషా సరిహద్దు అవతల గేటు దగ్గర ఇరుక్కున్నది. గేటు తెరిచే కోడ్ చిప్‌ను మల్లేశ్వర్ విదేశీ ముఠా దగ్గర కొట్టేసి, తన యూనిట్‌ల పెంచే ఒక ఫించ్ కాలి రింగుల దాచిండు. పొద్దుగూకేలోపు కోడ్ పంపాలె."

"ఏ పిట్ట, సార్?"

"స్ప్లిట్‌ది అన్నడు. గంతే. అన్నిటికీ ఒకే రకం రింగులు, ఒకదానికొకటి లింకు. తప్పు రింగు కోస్తే చిప్ దానంతటదే చెరిగిపోతది. బ్యాకప్‌కు అమూల్య వస్తది."

"మల్లేశ్వర్‌ను..."

"తర్వాత మాట్లాడుకుందం."

ఆ డిపార్ట్‌మెంట్‌లో తర్వాత అనేది ఎప్పుడూ రాదు.

నిరోషాను ఈ మిషన్ మీద వికారాబాద్ స్టేషన్‌లో రైలెక్కించింది నాగరాణే. రైలు కదులుతుంటే ఆ పిల్ల కిటికీలోంచి అరిచింది: "అక్కా, నేనొచ్చినంక నీ పిట్టలకు పేర్లు పెడత!" అప్పటినుంచి నాగరాణి పిట్టలకు పేర్లు లేవు.

మాసిన చీర, చంకలో గింజల సంచీ. ఆ వేషంలో నాగరాణి తాండూరులో బస్సు దిగింది. యూనిట్ ముందు అమూల్య నిలబడి ఉంది. సిల్క్ చీర, నల్ల గాగుల్స్, విదేశీ సెంటు. అంత బండల పొడిలోనూ హైహీల్స్‌కు మచ్చ లేదు.

లోపల వరుసగా పంజరాలు. అన్నీ బూడిదరంగు పిట్టలే. మగవాటికి నారింజరంగు బుగ్గలు. ఒక మూల విడిగా, ఈమధ్యే గూడు వదిలిన లేత గోధుమరంగు పిట్ట ఆగకుండా అరుస్తోంది.

"స్ప్లిట్ అంటే ఏంటి మేడమ్?"

"పైకొక రంగు, లోపల ఇంకో రంగు జీన్. మనసొంటిది."

అమూల్య నవ్వింది. "ఇంకేం మరి! బిడ్డను చూడమన్నాడుగా. ఇక్కడున్న పసిపిల్ల ఇదొక్కటే. దీని రింగే కోసేద్దాం."

నాగరాణి గింజల సంచీ కింద పెట్టింది. ఆ మెసేజ్ ఆమె ఎవరికీ వినిపించలేదు. చీఫ్‌కు కూడా.

"గా మాట నీకెట్ల తెలుసు, అమూల్యా? వాడు అన్నప్పుడు పక్కనున్నవా?"

నవ్వు ఆగింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికొచ్చింది.

"తెలివి చాలు మేడమ్. కట్టర్ తీయండి. కోసి చిప్ నాకివ్వండి."

చిప్ అమూల్యకు చిక్కితే నిరోషా ప్రాణం పోతుంది. చెరిగిపోతే నిరోషా ఎన్నటికీ రాదు.

నాగరాణి గోధుమరంగు పిట్ట వైపు చూసింది. అమూల్యది కృష్ణా తీరం. అక్కడ బిడ్డంటే పసిపిల్ల. నాగరాణిది, మల్లేశ్వర్‌ది కొడంగల్. అక్కడ బిడ్డంటే కూతురు. ఈ గోధుమరంగును లోపల దాచడం ఆడ ఫించ్‌కు సాధ్యం కాదు. ఉంటే ఒంటిమీద కనిపించాల్సిందే. దాచగలిగేది మగదే. బూడిదరంగు తల్లికి ఇలాంటి కూతురు పుట్టిందంటే తండ్రి స్ప్లిట్. చిప్ తండ్రి కాలికుంది.

ఏ తండ్రి?

"సరే, పట్టుకుంటనమ్మా," అంటూ పంజరం తలుపు తీసి, పిట్టను అందుకోబోయి, కావాలనే వదిలేసింది.

పిట్ట రివ్వున ఎగిరి వెనక వరుసలో ఒక పంజరానికి అతుక్కుని నోరు తెరిచింది. లోపలినుంచి నారింజ బుగ్గల మగపిట్ట కడ్డీల సందులోంచి దాని నోట్లో గింజ పెట్టింది.

"పట్టుకో!" అమూల్య కళ్లు పిట్ట వెంట పరిగెత్తాయి. పిస్టల్ కూడా. నాగరాణి పాలిషింగ్ మెషీన్ పక్కనున్న నీళ్ల పైపు వాల్వ్ పూర్తిగా తిప్పింది. తాండూరు బండ తడిస్తే ఎంత నున్నగా ఉంటుందో హైహీల్స్‌కు తెలియదు. అమూల్య వెల్లకిలా పడింది. గుండు పైకప్పు రేకులో దిగింది. ఆమె లేచేలోపు నాగరాణి పిస్టల్ లాక్కుని, సంచీలోని బేడీలతో ఆమె చేతిని మెషీన్‌కు బంధించింది.

షట్టర్ కింద ఎండ గీత దారంలా సన్నబడింది. నాగరాణి ఆ మగపిట్ట కాలి రింగుకు కట్టర్ ఆనించి ఆగింది. బిడ్డ ఆకలితో ఎవరో ఒకరిని అడిగి ఉంటే?

కాదు. ఇన్నిటిలో వెతుక్కుని మరీ పోయింది.

కోసింది. చిప్‌ను వాచీలో పెట్టింది. ఎర్రలైటు. ఎర్రలైటు. ఎండ గీత మాయమైన క్షణంలో పచ్చలైటు. కోడ్ వెనక ఆమె నిరోషాకు మరో వాక్యం పంపింది. రూల్స్‌కు విరుద్ధం. 'రెండు పిట్టలు, తండ్రీ బిడ్డా, ఇంకా పేర్లు లేవు.'

మర్నాడు వికారాబాద్ గదిలో తండ్రిని, బిడ్డను వేరువేరు పంజరాల్లో పెట్టింది. గూడు వదిలిన కూతుర్ని తండ్రితో ఉంచరు; పెంపకంలో ఆ ఎడబాటు తప్పదు. పంజరాలను మాత్రం ఆనించి పెట్టింది. ఫోన్ మోగింది. చీఫ్.

"నిరోషా గేటు దాటింది. ఇంక ఆమెకు వేరే పేరు, వేరే దేశం. నువ్వు ఆమెను కలవొద్దు. ఎప్పటికీ."

నాగరాణి పంజరంలో గింజలు వేసింది. "తెలుసు, సార్."

"ఇంకోటి. పోయేముందు నీకొక మెసేజ్ పంపింది. 'పల్లి, పుట్నాలు' అట. డీక్రిప్షన్ టీం పొద్దటిసంది పరేషాన్ అయితున్నరు. ఏం కోడ్ ఇది?"

నాగరాణి పంజరాల వైపు చూసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"టాప్ సీక్రెట్, సార్. మీ స్థాయికి చెప్పొద్దు."