ఎర్రగోడ మీద సుత్తి చప్పుడు

మా ఊరు ఊసర్‌ఫ్లూలో చీకటి పడ్డాక ఎర్రగోడ వైపు ఎవరూ వెళ్లరు. పగలైనా సరే, దాని కింద నిలబడి గట్టిగా నవ్వరు.

ఎర్రగోడంటే గోడ కాదు. ఊరి నెత్తిన నిట్టనిలువుగా లేచిన కొండ. మా రోన్ లోయలో వానలు తక్కువ. పైన మంచు కరిగి నీళ్లొస్తేనే గడ్డి, గడ్డి ఉంటేనే ఆవు. అందుకని ఏ కాలపు పెద్దలో ఆ రాతికి దూలాలు దిగ్గొట్టి, చెక్క కాలువ వేలాడదీశారు. పక్కన నడవడానికి జానెడు పలక. ఆ పలక మీద మనిషిని పోగొట్టుకోని ఇల్లు మా ఊళ్లో లేదు.

కాలువలో చిన్న చక్రం, చక్రానికి ఒక సుత్తి. నీళ్లు పారినంతసేపూ అది చెక్క మీద కొడుతూనే ఉండేది. టక్… టక్… ఊరంతా దాన్ని వింటూ నిద్రపోయేది. చప్పుడు ఆగిందా, కాలువ ఎక్కడో తెగినట్టే. కావలివాడు లాంతరు పట్టుకుని పైకెక్కాల్సిందే.

తర్వాత కొండ లోపల సొరంగం తవ్వారు. నీళ్లు అటు మళ్లాయి. పాత కాలువ ఎండిపోయింది. అయినా… పొగమంచు దిగిన సాయంత్రాల్లో సుత్తి వినిపిస్తోందని తలుపులు గడియ పెట్టుకునేవాళ్లు.

ఇది మా తాత తెయోదూల్ చెప్పగా విన్నది. అప్పటికి ఆయనకి ముప్పై నిండలేదు. ఇల్లు సరిగ్గా సొరంగం మూతి కింద, వరసలో చిట్టచివరిది. ఊరి ఆ చివర వాల్‌బుర్గా ఉండేది. ఆఖరి కావలివాడి పెళ్లాం. మొగుడు ఎర్రగోడ మీంచే పడి పోయాడు.

తాత ఆవిణ్ణి ఆటపట్టించేవాడు. “ఏం బుర్గక్కా, బావ ఇంకా డ్యూటీలోనే ఉన్నాడా?”

“ఉన్నాడ్రా. నీలాగ పొద్దెక్కేదాకా పడుకునే రకం కాదు” అనేదావిడ.

యుద్ధం అయిపోయిన మరుసటి ఆగస్టులో, ఎన్నడూ లేనిది, వారం పాటు వాన వదల్లేదు. తెరిపిచ్చిన సాయంత్రం బుర్గక్క తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ పైకెళ్లింది. మేక దొరికింది. దిగుతుండగా పొగమంచు కమ్మేసింది, వెనకే చీకటీ వచ్చింది.

ఎర్రగోడ కిందికొచ్చేసరికి మేక కాళ్లు బిగబట్టి ఆగిపోయింది. లాగినా కదల్లేదు.

టక్…

ఏదో పలక ఊడి గాలికి కొట్టుకుంటోందనుకుంది. గాలి లేదు.

టక్… టక్… టక్, టక్, టక్ —

కావలివాడితో కాపురం చేసిన మనిషికి ఆ చప్పుడు వేరే చెప్పక్కర్లేదు. సుత్తి అంత తొందరపడితే నీళ్లు హద్దు మీరుతున్నాయన్నమాట.

తాడు వదిలేసి పరిగెత్తింది.

తాతా వాళ్లు చీజు, రొట్టె ముందు పెట్టుకుని కూర్చున్నారు. తలుపు దబదబా మోగింది.

“లే! పిల్లల్నెత్తుకో! బయటికి!”

“ఏమైందక్కా?”

“నీళ్లొస్తున్నాయిరా… సుత్తి కొడుతోంది!”

తాతకి నవ్వొచ్చింది. అంతలో ఆవిడ కాళ్లు చూశాడు. ఒక చెప్పు లేదు. పాదం నిండా రక్తం. పిల్లల్ని చంకనెత్తుకున్నాడు.

ఇంటింటి తలుపూ బాది, జనాన్ని చర్చి దిబ్బ మీదికి ఎక్కించారు. ఆఖరి ముసలాయన్ని ఎత్తుకొచ్చి దింపారో లేదో — కొండ రంకె వేసింది. సొరంగం మూతి బురదని, బండల్ని, నిలువునా చెట్లని కక్కింది. తాత ఇల్లు ఉన్నచోట చీకటి తప్ప ఏమీ మిగల్లేదు.

ఒక్క ప్రాణం పోలేదు.

తెల్లారాక మగవాళ్లు తేల్చేశారు. పైన వాగుకి బురద అడ్డుపడింది, నీళ్లు నిండి ఒక్కసారిగా తెగాయి. తెగేముందు కొన్ని పాత కాలువలోకి పొర్లి ఉంటాయి, అందుకే సుత్తి ఆడింది. అంతే. అందరికీ ఊపిరొచ్చింది.

తాతకి మాత్రం ఎందుకో మనసు ఒప్పలేదు. ఒక్కడే పైకెక్కి చూశాడు.

కాలువ పొడిగా ఉంది. చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సుత్తికీ చెక్కకీ మధ్య… చెక్కుచెదరని సాలెగూడు.

దిగి నేరుగా బుర్గక్క దగ్గరికెళ్లాడు. ఆవిడ మేక పాలు పితుకుతోంది.

“అక్కా, సుత్తి సంగతి వదిలెయ్. నువ్వొచ్చే దారిలో మా ఇల్లే ఆఖరిది. అన్ని గుమ్మాలు దాటి… ముందు నా తలుపే ఎందుకు కొట్టావు?”

ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

“మీ నాన్న చెప్పాడ్రా” అంది, గుసగుసగా. “ముందు వాణ్ణి లేపు, అన్నాడు. నిన్ను ఏదో ముద్దుపేరు పెట్టి అన్నాడు.”

ఆ పేరు చెప్పింది.

తాతకి నాలుగేళ్లప్పుడు వాళ్ల నాన్న ఆ పలక మీంచి పడిపోయాడు. గడ్డి అటకమీద తండ్రీకొడుకులిద్దరే ఉన్నప్పుడు ఒకరినొకరు పిలుచుకున్న పేరది. కన్నతల్లికీ తెలియదు.

ఏం పేరు తాతా, అని మేం ఎన్నోసార్లు అడిగాం. ఆయన లేచి కిటికీ మూసి, గొళ్లెం పెట్టి, మెల్లగా అనేవాడు —

“పైకి అనకూడదు. పిలిచాననుకుని… నాన్న వచ్చేస్తాడు.”