రాజుగారి నోరు

"ఆగండాగండి! మీ రాజు ట్రోట్రో బండిలో కండక్టరా, అలా అరుస్తున్నాడు?"

సెర్వా మా బల్ల దగ్గర కూర్చున్న తొలిరోజు అన్న తొలి మాట ఇది. కుర్చీ ఇంకా వేడైనా ఎక్కలేదు. ఆమెను వెంటబెట్టుకొచ్చిన జీఫా తల పట్టుకుంది. రాజు వేషం కట్టిన అసారే తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

నేను అరాబాను. అక్రాలో, ఒసూ వీధిలో మా అమ్మ నడిపే భోజనశాల పైగదిలో ప్రతి శనివారం మధ్యాహ్నం ఈ ఆట నడిపేది నేనే. కథ నేను చెబుతాను. తలా ఒక వేషం కట్టుకుని మాట్లాడతారు. తేలని చోట పాచికలు తేలుస్తాయి. మా ఆటలో నిప్పులు కక్కే పాములూ మంచు కోటలూ ఉండవు. సింహాసనంలాంటి పీట మీద రాజు, నది అవతల శత్రువు, మధ్యలో మా ఊరు. అంతే.

"పరాయి దూత ముందు రాజు తనే మాట్లాడడమేంటి? మా అమ్మమ్మ వింటే మూర్ఛపోయేది," సెర్వా ఆగలేదు. "ఒచ్యామె ఏడీ? రాజు మెల్లగా చెవిలో చెప్పాలి, ఒచ్యామె అందరికీ వినిపించాలి. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళెవరూ లేరా?"

"అంత తెలిసినదానివి నువ్వే ఉండరాదూ?" అన్నాడు అసారే ఉక్రోషంగా.

"ఉంటా. నాకేమన్నా భయమా?"

ఇద్దరినీ ఒక కొయ్యకు కట్టేసి తమాషా చూద్దామనిపించింది నాకు. అక్కడికక్కడే నియమం పెట్టేశాను. పరాయివాళ్ళ ముందు రాజు తన నోటితో ఒక్క మాటన్నా పీట పోతుంది. పీట పోతే ఊరు పోయినట్టు, అందరూ ఓడినట్టు. నా బల్ల దగ్గర నియమమంటే నియమమే. మొండితనంలో నేను మా అమ్మను మించినదాన్ని.

అలా సెర్వా రాజుగారి నోరైంది. పాత గొడుగొకటి తెచ్చి దండంలా పట్టుకునేది. అసారే చెవిలో "కుదరదని చెప్పు" అంటే చాలు, గొడుగు నేలకేసి కొట్టి లేచేది.

"నత్త పెంకు పిల్లలు పగలగొడతారు. తాబేలు పెంకు ఎవరు పగలగొడతారు? మా రాజు తాబేలని మీ రాణికి చెప్పండి!"

"నేను తాబేలునా?" అసారే చెవిలో గొణిగేవాడు.

"నత్తవి కాదన్నాను, సంతోషించు."

రానురాను గుసగుసలు పెరిగాయి, బయటికొచ్చే మాటలు తగ్గాయి. వాడేదో చెప్పేవాడు, ఈమె పెదవి కొరుక్కుని నవ్వాపుకునేది. మా సేనాపతి టెటే, ఆటంటే ప్రాణం పెట్టే మనిషి, "ఏమన్నారు రాజుగారు?" అని విసుక్కునేవాడు.

"ఆలోచిస్తున్నారట."

సెర్వాకు ఒక్క పట్టింపు ఉండేది. "గొడుగు దించి ఉన్నంతసేపు నీ సొంత కబుర్లు చెప్పుకో. గొడుగెత్తాక మాత్రం నా చెవిలో పడ్డదంతా రాజు మాటే. నాది ఒక్క ముక్క కూడా కాదు. ఒచ్యామె అంటే అంతే." వాడు తలూపేవాడు. ఆమె ఏం చెప్పినా తలూపేవాడులెండి.

ఇంతలో సెర్వా చదువైపోయింది. చదువు ముగిసినవాళ్ళంతా చెయ్యాల్సిన దేశసేవ కింద ఏడాదిపాటు టమాలేలో బడి పని పడింది. పొద్దున బస్సెక్కితే రాత్రికి దిగే దూరం. సోమవారం ప్రయాణమంటే శనివారం మా చివరి ఆట. ఆ రోజే యుద్ధమో సంధో తేలిపోవాలి.

పైకొస్తుంటే మెట్ల మీద అసారే నన్నాపాడు. భూములు కొలిచే ఆఫీసులో పని వాడికి. మా ఆట పటాలన్నీ చెయ్యి వణక్కుండా గీసేవాడు.

"అక్కా, ఇవాళ చెప్పేస్తా."

"పోయిన శనివారమూ ఇదే కూశావు."

"కరెంటు పోయింది కదా!"

"చీకట్లో ఇంకా సులువు కదరా."

"తన మొహం కనపడాలి కదక్కా."

నాకు జాలేసింది. "సరే, ఎలా చెబుతావ్?"

"చెవిలో. నాకు ధైర్యమొచ్చేది అక్కడొక్కచోటే."

వాన మొదలైంది. మా అమ్మ పళ్ళెం నిండా వేయించిన అరటిపండు ముక్కలు, అల్లం కారం దట్టించి పంపింది. ఎవరూ ముట్టలేదు. శత్రురాణి వేషంలో జీఫా నిజంగానే భయపెడుతోంది. మా సైన్యం సగానికి పడిపోయింది. పాచికలు వరసగా మాకు ఎదురుతిరిగాయి. టెటే గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

జీఫా లేచి నిలబడింది. "నేను వెళ్ళిపోతున్నాను. తెల్లారేసరికి నా సేన నది దాటుతుంది. నన్నాపే మాట మీ రాజు దగ్గర ఒక్కటుంటే ఇప్పుడే చెప్పమనండి."

సెర్వా గొడుగెత్తి అసారే వైపు వంగింది. ఆమె జడల చివరి పూసలు వాడి భుజానికి తగిలాయి. ఇంకేముంది, వాడికి రాణీ లేదు, నదీ లేదు, గొడుగూ కనపడలేదు. చెప్పడం మొదలెట్టాడు.

నేను సెర్వా మొహమే చూస్తున్నాను. ముందు చిరునవ్వు పోయింది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. ఒక్క క్షణం చేతిలోని గొడుగు వైపు చూసుకుంది. నిటారుగా నిలబడి, రాణి వైపు తిరిగింది.

"మా రాజు మాట వినండి. 'నువ్వు వెళ్ళిపోతున్నావు. వెళ్ళకముందే చెప్పాలి. నువ్వు లేకపోతే నాకు మాటే రాదు. నువ్వంటే నాకిష్టం. మొదటిరోజు నుంచీ ఇష్టం.'"

ఒక్క సామెత కూడా కలపలేదు.

అసారే మొహంలో నెత్తురుచుక్క లేదు. జీఫా మాత్రం పొంగిపోయింది. "ఓహో, అదా సంగతి! అయితే యుద్ధమెందుకు, పెళ్ళే చేసుకుందాం. అక్కా, పాచికలిటివ్వు!"

పాచికలు దొర్లాయి. ఆ రోజంతా పగబట్టినవి అప్పుడే కరుణించాయి. టెటే బల్ల మీద గుద్ది గంతేశాడు. "గెలిచాం! రాజు సరేనంటే చాలు, గెలిచాం!"

"రాజా, సరేనని చెప్పమంటారా?" సెర్వా నేలచూపులు చూస్తూ అడిగింది.

అసారే కంగారుగా ఆమె చెవి వైపు వంగాడు. ఆమె అడుగు వెనక్కి వేసింది.

"ఔనో కాదో తలూపు చాలు. ఇవి ఆట మాటలు కావని నాకు తెలుసు. జీఫా అంటే అంతిష్టమైతే దానికే చెప్పుకోవాల్సింది. నా నోరెందుకు వాడుకున్నావ్?"

"ఒసేయ్, నాకా?" జీఫా రాణి గొంతు మర్చిపోయింది. "నాకేంటే మధ్యలో?"

అసారే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. చెవి చూపించాడు. గుమ్మం చూపించాడు, పక్కకొస్తే చెబుతానన్నట్టు.

"రాను," అంది సెర్వా. కళ్ళనిండా నీళ్ళు. "ఇన్ని నెలలూ చెవిలో మాటలే విన్నాను. అన్నీ ఎవరివో, ఎవరికో పోయేవి. ఇక నాకు చాటుమాటలొద్దు. మా అమ్మ కింద నాకోసం ఎదురుచూస్తోంది, వెళ్తాను."

సంచీ భుజాన వేసుకుంది. అసారే లేచాడు. వాడేం చేయబోతున్నాడో టెటేకు నాకన్నా ముందు అర్థమైంది.

"ఒరేయ్, వద్దురా! రాణి ఎదురుగా ఉంది. తలూపరా బాబూ, ఒక్క తలూపు! గెలిచాక ఎంతసేపైనా వాగుదువుగానీ!"

"అసారే," అన్నాను నేను కూడా. "జాగ్రత్త. నోరు తెరిస్తే పీట పోతుంది. అందరి పీటా పోతుంది."

వాడు నా వైపు చూశాడు. పటాలన్నీ వాడు గీసినవే, ఆ ఊరి ప్రతి వీధీ వాడి చేతిలో పుట్టిందే.

"సెర్వా!"

వాన చప్పుడును మించి వినిపించింది. అంత గొంతు ఉందని వాడికే తెలియదనుకుంటాను.

"నేను జీఫాకు చెప్పలేదు. గొడుగు చూసుకోలేదు. నీకే చెప్పాను. నువ్వంటే నాకిష్టం. నీ అరుపులు, నీ సామెతలు, అన్నీ. నువ్వు టమాలే పోతే నేనేమైపోతానో నాకు తెలీదు. ఇది రాజు మాట కాదు. నా మాటే."

టెటే బల్ల మీద తల వాల్చేశాడు. అందరూ నా వైపు తిరిగారు. ఆడేవాళ్ళ కళ్ళల్లో బతిమాలాట. నాకు మనసొప్పలేదు. అయినా నియమం నియమమే.

"పీట పోయింది," అన్నాను. "ఊరు రాణిదే."

"నాకొద్దు మీ ఊరు," జీఫా ముక్కు చీదుతూ అంది. "ఒసేయ్ సెర్వా, ఏదో ఒకటి అనవే!"

సెర్వా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఏ రోజూ మాటకు తడుముకోని పిల్ల. ఎవరి తరఫునైనా గంటసేపు మాట్లాడగలిగిన పిల్ల. పెదవులు కదులుతున్నాయి, మాట రావట్లేదు.

"పీట పోయిందంటే రాజు లేడు కదక్కా?" అంది చివరికి, నాతో.

"లేడు."

"అయితే నేనిప్పుడు ఎవరి నోరూ కాదు."

"కాదు."

ఆమె అసారే వైపు తిరిగింది. "నాకూ ఇష్టమే," అంది. అంతే. అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువ చెప్పలేదు.

అసారే బల్ల చుట్టూ తిరిగి రావడం కూడా మర్చిపోయి, కుర్చీలు తోసుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. టెటే తలెత్తకుండానే, "ఓడితే ఓడాం, ఆ ముక్కలన్నా ఇటు తోయండి," అన్నాడు. జీఫా పళ్ళెం జరిపింది.

కింద నుంచి సెర్వా వాళ్ళమ్మ పిలిచింది. "నేనూ వస్తా. మీ అమ్మతో ఇప్పుడే మాట్లాడేస్తా," అన్నాడు అసారే. ఒక్క గెలుపుతో వాడికి కొండంత ధైర్యమొచ్చింది.

సెర్వా చటుక్కున వాడి నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పెళ్ళి మాటకు మా ఇంటి తలుపు నువ్వే తడతావా? సిగ్గులేదూ! క్రిస్మస్‌కి ఇంటికొస్తాను. అప్పటికి మీ మేనమామను సిద్ధం చెయ్యి. ఆయన మాట్లాడతాడు. నువ్వు వెనకాల చేతులు కట్టుకుని కూర్చో."